పడని తిండి: వైద్యచరిత్రలో శరీర సాక్ష్యం

తెలుగులో "పడదు" అన్న క్రియకు తిండి విషయంలో ఒక ప్రత్యేకమైన అర్థం ఉంది. "నాకు వంకాయ పడదు", "పిల్లవాడికి పాలు పడవు", "ఆ ఊరి నీళ్ళు పడలేదు" అంటాం. వీటిలో ఇష్టాయిష్టాల ప్రసక్తి లేదు. వంకాయ కూరంటే ప్రాణం పెట్టే మనిషికి కూడా వంకాయ పడకపోవచ్చు. తిన్న పదార్థానికీ తిన్న ఒంటికీ పొసగలేదని మాత్రమే ఈ మాట చెబుతుంది. ఎందుకు పొసగలేదో చెప్పదు. వచ్చింది దురదా, వాంతా, కడుపుబ్బరమా, నెలల తరబడి వదలని నీరసమా అన్నదీ చెప్పదు. మన ఇళ్ళలో ఇన్ని రకాల బాధలకూ ఈ ఒక్క మాటే సరిపోయింది.

ఈ ఒక్క మాటలో ఇమిడి ఉన్న వేర్వేరు సంగతులను విడదీయడానికి ఆధునిక వైద్యానికి ఇరవయ్యో శతాబ్దం దాదాపు మొత్తం పట్టింది. ఆ చరిత్ర పొడుగునా ఒకే ప్రశ్న రకరకాల రూపాల్లో ఎదురవుతుంది: తిన్న మనిషి చెప్పిన మాటను ఎంతవరకు నమ్మాలి? ఆ మాటను పెడచెవిన పెట్టినందువల్ల జరిగిన నష్టానికి గోధుమ చరిత్ర, పాల చరిత్ర సాక్ష్యాలు. పరీక్షించకుండా నమ్మినందువల్ల జరిగిన నష్టానికీ ఆధారాలున్నాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

సాత్మ్యం, పథ్యం

ఒకే తిండి అందరికీ ఒకేలా ఉండదన్న ఎరుక చాలా పాతది. హిప్పోక్రటీస్ పేరుతో లభించే గ్రీకు వైద్యగ్రంథాలలో ప్రాచీన వైద్యాన్ని గురించిన ఒక రచన ఉంది. అందులో జున్నును ఉదాహరణగా తీసుకుని, కొందరు దాన్ని కడుపునిండా తిన్నా బాగానే ఉంటారనీ కొందరిని అది తీవ్రంగా బాధిస్తుందనీ చెబుతాడు గ్రంథకర్త. జున్ను మనుషులందరికీ చెడ్డదైతే అందరినీ బాధించాలి కదా అన్నది అతని తర్కం. కనుక జున్ను మంచిదా చెడ్డదా అని అడిగి వైద్యుడు ఊరుకోకూడదు, ఏ శరీరంలోని ఏ గుణం దానికి విరోధి అయిందో తెలుసుకోవాలి.

ఆయుర్వేదం ఇదే విషయాన్ని "సాత్మ్యం" అన్న భావనతో చూసింది. ఒంటికి ఇమిడి హితం చేసేది సాత్మ్యం, ఇమడనిది అసాత్మ్యం. దీర్ఘకాలపు అలవాటు వల్ల సరిపడేదాన్ని చరకసంహిత "ఓకసాత్మ్యం" అంటుంది. మనిషి, ప్రాంతం, కాలం, అలవాటు, జీర్ణశక్తి, కలిపి తిన్న పదార్థాలు ఇవన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. వాటిని పొందిక లేకుండా కలిపితే విరుద్ధాహారం. పాలతో చేపలు తినకూడదన్న నిషేధం అందులోనిదే. బాలింత పథ్యం నుండి పచ్చకామెర్ల పథ్యం దాకా తెలుగు ఇళ్ళలో నిలిచిన ఆచారాలు ఈ ఆలోచనకు కొనసాగింపులే.

ఈ సంప్రదాయాల బలం వ్యక్తిని గమనించడంలో ఉంది. ఒక్కొక్క ఒంటి తీరును బట్టి తిండిని నిర్ణయించడం వాటి పద్ధతి. వాటికి లేనిదల్లా ఒక అనుమానాన్ని పరీక్షకు పెట్టి తేల్చే మార్గం. పాలూ చేపలూ కలిపి తిన్నందుకే ఒంటిమీద మచ్చలు వచ్చాయని ఎవరైనా అంటే, ఆ వాక్యం తప్పని నిరూపించే ఉపాయం ఆనాటి వైద్యుడి చేతిలో లేదు. అందువల్ల నిజమైన పరిశీలనలూ వట్టి నమ్మకాలూ కలగలిసి తరాలు దాటి వచ్చాయి.

అలర్జీకి ఆ పేరు ఎలా వచ్చింది?

1901లో మొనాకో రాజు మొదటి ఆల్బర్ట్ నౌకలో చార్ల్స్ రిషే, పాల్ పోర్టియే అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ప్రయాణించారు. సముద్రజీవుల విషాన్ని అధ్యయనం చేయడం వారి పని. పారిస్‌కు తిరిగి వచ్చాక సముద్రపుష్పాల విషంతో కుక్కల మీద ప్రయోగాలు సాగించారు. స్వల్పమోతాదు ఇచ్చి, కొన్ని వారాల తర్వాత మళ్ళీ ఇస్తే కుక్కకు తట్టుకునే శక్తి పెరుగుతుందని ఊహించారు. జరిగింది దానికి విరుద్ధం. మొదటిసారి హాయిగా తట్టుకున్న కుక్కలు రెండోసారి అంతకంటే తక్కువ మోతాదుకే నిమిషాలలో చనిపోయాయి. శరీరం ఒక పదార్థాన్ని గుర్తుపెట్టుకోగలదనీ, ఆ జ్ఞాపకమే ప్రాణాంతకం కాగలదనీ ఈ ప్రయోగాలు చూపాయి. రిషే దీనికి 1902లో అనఫిలాక్సిస్ అని పేరు పెట్టాడు, 1913లో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

1906లో వియన్నా పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే "అలర్జీ" అన్న కొత్త పదాన్ని ప్రతిపాదించాడు. "వేరైన", "పని" అన్న అర్థాలున్న రెండు గ్రీకు మాటలను కలిపి చేసిన పదం అది. ఒక పదార్థంతో పరిచయమయ్యాక శరీరపు స్పందన ఏ విధంగా మారినా, మేలుకైనా కీడుకైనా, దాన్ని అలర్జీ అనాలన్నది అతని ఆలోచన. ఇవాళ మనం ఆ మాటను వాడే అర్థం దీనికంటే చాలా ఇరుకు.

1912లో న్యూయార్క్ వైద్యుడు ఆస్కర్ ష్లాస్ గుడ్డు, బాదం, ఓట్స్ పడని ఒక బాలుడి గురించి రాశాడు. ఆ పదార్థాలను చర్మం మీద గీతలలో రుద్దితే దద్దుర్లు లేచాయి. తిండి పడకపోవడాన్ని చర్మం మీద చూపించవచ్చని ఇది తెలియజేసింది. అంతకంటే విచిత్రమైన ప్రయోగం 1921లో, అప్పుడు జర్మనీలో ఉన్న బ్రెస్లావ్ నగరంలో జరిగింది. హైంజ్ క్యూస్ట్నర్ అనే వైద్యుడికి ఉడికించిన చేప పడేది కాదు. అతని రక్తరసాన్ని సహచరుడు కార్ల్ ప్రౌస్నిట్స్ తన పొట్ట చర్మంలోకి ఎక్కించుకున్నాడు. మర్నాడు అదే చోట చేప సారాన్ని ఎక్కించుకోగానే దద్దురు లేచింది. చేప అంటే ఏ ఇబ్బందీ లేని మనిషి చర్మం, ఆ ఒక్క చోట, చేప పడని మనిషి చర్మంలా ప్రవర్తించింది.

అంతవరకు "నాకు చేప పడదు" అన్నది ఒక వ్యక్తి మాట. ఇకమీదట అది రక్తంలో ఉన్న, ఒకరి నుండి ఇంకొకరికి మార్చగల పదార్థం. ఆ పదార్థం ఏమిటో కనిపెట్టడానికి మరో నలభై అయిదేళ్ళు పట్టింది. 1966లో డెన్వర్‌లో కిమిషిగే ఇషిజాకా, తెరుకో ఇషిజాకా దంపతులు, దాదాపు అదే కాలంలో స్వీడన్‌లోని ఉప్సాలాలో యోహాన్సన్, బెన్నిక్ విడివిడిగా దాన్ని గుర్తించారు. ఐజీఈ అని పిలిచే ఈ ప్రతిరక్షకమే నేటి అలర్జీ పరీక్షలకు పునాది.

అయితే ఈ విజయం "పడదు"లోని ఒక్క పాయకే వర్తించింది. తిన్న నిమిషాలలోనో ఒకటి రెండు గంటలలోనో దద్దుర్లు, వాపు, ఆయాసం వచ్చేవారికి కారణం దొరికింది. తిన్న వెంటనే ఏమీ కాకుండా, నెలల తరబడి కృశించిపోయే పిల్లల సంగతి ఇది వివరించలేదు.

గోధుమ: ఒక తల్లి గమనించినది

1887లో లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆస్పత్రిలో శామ్యూల్ జీ అనే వైద్యుడు ఒక ఉపన్యాసం ఇచ్చాడు. ఏడాది దాటిన పిల్లలకు వచ్చే ఒక జబ్బును అందులో వర్ణించాడు. పాలిపోయిన జిగట విరేచనాలు, ఉబ్బిన పొట్ట, ఎండిపోయిన కాళ్ళూ చేతులూ, ఆగిపోయిన ఎదుగుదల. సీలియాక్ వ్యాధికి ఆధునిక కాలంలో వచ్చిన తొలి స్పష్టమైన వర్ణన ఇది. ఈ పిల్లలు బాగుపడటమంటూ ఉంటే అది ఆహారం వల్లనే జరగాలని కూడా అతను సరిగ్గా ఊహించాడు. ఏ ఆహారమన్నది మాత్రం పట్టుకోలేకపోయాడు. పిండిపదార్థాలు తగ్గించమన్నాడు, అన్నం పెట్టవద్దన్నాడు. పలుచగా కోసి రెండువైపులా బాగా కాల్చిన రొట్టె మాత్రం పెట్టవచ్చన్నాడు. హాని చేయని వరి నిషిద్ధమై, హాని చేసే గోధుమ పథ్యమైంది. రోజూ ఆల్చిప్పలు తిని ఎంతో కోలుకున్న ఒక బిడ్డ సంగతిని కూడా జీ రాశాడు. ఆల్చిప్పల కాలం ముగియగానే బిడ్డకు జబ్బు తిరగబెట్టింది. ఆల్చిప్పలు తిన్నన్నాళ్ళూ బిడ్డ తినకుండా వదిలేసినదేమిటన్న ప్రశ్న అప్పుడు ఎవరికీ తట్టలేదు.

1924లో న్యూయార్క్‌లో సిడ్నీ హాస్ అనే వైద్యుడు అరటిపండు చికిత్సను ప్రచురించాడు. అరటిపండ్లు పుష్కలంగా పెట్టి, రొట్టె, బంగాళాదుంప, ఇతర ధాన్యాలు మాన్పిస్తే పిల్లలు కోలుకున్నారు. చికిత్స పనిచేసింది, వివరణ తప్పింది. ఘనత అరటిపండుకు దక్కింది. నయమయ్యాడనుకున్న బిడ్డ మళ్ళీ రొట్టె తినడం మొదలుపెట్టగానే పేగు మళ్ళీ దెబ్బతినేది. పిల్లలు బాగుపడటం చూసిన వైద్యుడు కూడా, ఏ మార్పు వల్ల బాగుపడ్డారో విడదీసి చూడకపోతే తప్పుదారి పట్టగలడు.

ఆ విడదీయడం నెదర్లాండ్స్‌లో జరిగింది. విల్లెమ్ కారెల్ డికె 1936లో హేగ్ నగరంలోని యులియానా పిల్లల ఆస్పత్రికి అధిపతి అయ్యాడు. అప్పటికి అతని వయసు ముప్పై ఒకటి. సీలియాక్ వ్యాధి ఉన్న బిడ్డకు రొట్టె మానిపిస్తే ఒంటిమీది పొక్కులు త్వరగా తగ్గుతున్నాయని ఒక తల్లి అతనికి చెప్పిందని తరువాతి డచ్ వైద్యచరిత్రకారులు నమోదు చేశారు. ఆమె పేరు చరిత్రకు అందలేదు. ఆ మాట డికె మనసులో నాటుకుంది. 1941లోనే, యుద్ధం మధ్యలో, ఈ వ్యాధికి సరళమైన ఆహారచికిత్సను గురించి డచ్ వైద్యపత్రికలో ఒక వ్యాసం ప్రచురించాడు.

1944 సెప్టెంబరులో డచ్ రైల్వే కార్మికులు సమ్మె చేశారు. ప్రతీకారంగా జర్మన్ ఆక్రమణదారులు దేశపు పశ్చిమభాగానికి ఆహార రవాణాను నిలిపివేశారు. ఆ చలికాలాన్ని డచ్ ప్రజలు నేటికీ "ఆకలి చలికాలం" అంటారు. సుమారు ఇరవై వేల మంది మరణించారు. జనం ట్యూలిప్ దుంపలు వండుకుని తిన్నారు. అంతటి కరువులో సీలియాక్ పిల్లల స్థితి మెరుగుపడింది, రొట్టె మళ్ళీ దొరకగానే జబ్బు తిరగబెట్టింది. డికె ఆవిష్కరణ ఈ కరువులోనే పుట్టిందన్న కథ బాగా వ్యాపించింది. కాలక్రమం చూస్తే అనుమానం అంతకు ఏళ్ళ ముందరిదే. ఏ వైద్యుడూ తలపెట్టలేని, తలపెట్టకూడని ప్రయోగాన్ని యుద్ధం ఊరంతటి మీదా చేసింది. ముందే అనుమానం ఉన్నవాడు కాబట్టి డికె దాని ఫలితాన్ని చదవగలిగాడు.

యుద్ధానంతరం అతను ఉట్రెక్ట్‌లో రసాయనశాస్త్రజ్ఞుడు వాన్ డి కామర్, పిల్లల వైద్యుడు వైయర్స్‌లతో కలిసి పనిచేశాడు. కొంతమంది పిల్లలకు గోధుమ మాన్పించి, మళ్ళీ పెట్టి, మళ్ళీ మాన్పించాడు. ప్రతి దశలోనూ బరువు, ఎదుగుదల, ఆకలి నమోదు చేశాడు. మలంలో కొవ్వును కచ్చితంగా కొలిచే పద్ధతిని వాన్ డి కామర్ రూపొందించాడు. కొవ్వు ఒంటికి పట్టక బయటికి పోవడం పేగు దెబ్బతిన్నదానికి గుర్తు కనుక, తల్లి కంటికి కనిపించినది ఇప్పుడు గ్రాముల లెక్కలోకి వచ్చింది. 1950లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి డికె సమర్పించిన సిద్ధాంతగ్రంథం ఈ పని ఫలితమే. 1952లో బర్మింగ్‌హామ్‌లో షార్లట్ ఆండర్సన్ బృందం గోధుమపిండిని కడిగి గంజినీ జిగురునూ వేరుచేసి, హాని చేసేది జిగురేనని, అంటే గ్లూటెన్ అని చూపింది.

అయినా ఇంతవరకు ఎవరూ పేగు లోపల ఏం జరుగుతున్నదో చూడలేదు. 1954లో ఇంగ్లండులో జాన్ పాలీ శస్త్రచికిత్సలో సేకరించిన పేగు ముక్కలలో లోపలిగోడ చదునుగా మారడాన్ని వర్ణించాడు. 1956లో మార్గట్ షైనర్ శస్త్రచికిత్స లేకుండా నోటిగుండా గొట్టం పంపి చిన్నపేగు నుండి ముక్క తీయగలిగింది. మరుసటి సంవత్సరం అమెరికన్ సైనిక వైద్యుడు విలియం క్రాస్బీ అందుకోసం మింగదగిన ఒక గుళికను తయారుచేశాడు. ఆంత్రచూషకాలు అరిగిపోయి, నూగు రాలిన మఖమల్ గుడ్డలా ఉన్న పేగు అప్పుడు సూక్ష్మదర్శినికి చిక్కింది. రక్తపరీక్షకు ఆధారమైన ట్రాన్స్‌గ్లుటమినేజ్ అనే ఎంజైము పాత్ర 1997లో తెలిసింది. గ్లూటెన్ ప్రేరణతో రోగనిరోధకవ్యవస్థ తన సొంత పేగునే దెబ్బతీసే జబ్బు ఇది. ఐజీఈ వల్ల వచ్చే అలర్జీకి దీనికి సంబంధం లేదు.

ఈ క్రమాన్ని గమనించాలి. తల్లి పరిశీలన ముందు, ఆహారాన్ని తీసి మళ్ళీ పెట్టి చేసిన పరీక్ష తర్వాత, సూక్ష్మదర్శిని ఆ తర్వాత, రక్తపరీక్ష చిట్టచివర. పరికరానికి కనిపించని దశలో ఆ తల్లి మాటను కొట్టిపారేసి ఉంటే, దాన్ని పరీక్షించే పరికరాల అవసరమే ఎవరికీ తోచేది కాదు.

పాలు: సాధారణమైన శరీరం ఎవరిది?

పాల చరిత్రలో ఒక తల్లి మాట స్థానంలో లక్షలాది మనుషుల అనుభవం ఉంది. పాలలోని చక్కెర లాక్టోజ్. దాన్ని విడగొట్టే లాక్టేజ్ అనే ఎంజైము పసిపిల్లలందరి పేగులోనూ ఉంటుంది. పాలు మరిచే వయసు దాటాక చాలామందిలో అది క్రమంగా తగ్గిపోతుంది. అరగని లాక్టోజ్ పెద్దపేగుకు చేరితే అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి వాయువులు పుట్టిస్తాయి. కడుపుబ్బరం, నొప్పి, విరేచనాలు దాని ఫలితం.

1965, 1966లలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు ఈ లోపాన్ని అమెరికన్ పెద్దలలో కొలిచారు. నల్లజాతివారిలో పదిమందికి ఏడుగురిలో లాక్టేజ్ తక్కువగా ఉంది. శ్వేతజాతీయులలో అలాంటివారు కొద్దిమందే. ఆ తర్వాత ఆసియా, ఆఫ్రికా దేశాల నుండి వచ్చిన ఫలితాలు కూడా ఈ చిత్రాన్నే బలపరిచాయి. ప్రపంచంలోని పెద్దలలో దాదాపు మూడింట రెండు వంతుల మందిలో లాక్టేజ్ తగ్గిపోతుందని ఇవాళ తెలుసు. ఉత్తర ఐరోపావారి పేగును ప్రమాణంగా పెట్టుకున్న వైద్యం, మానవజాతిలో అధికసంఖ్యాకుల సహజస్థితికి "లోపం" అని పేరు పెట్టింది. ప్రతి శరీరానికీ పాలు అవసరమన్న కాలిఫోర్నియా పాల ఉత్పత్తిదారుల ప్రకటనపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో అభ్యంతరం దాఖలు చేయడానికి ఈ పరిశోధనే నేపథ్యం.

ఈ చరిత్రలో హైదరాబాదుకు కూడా చోటుంది. జాతీయ పోషకాహార సంస్థకు చెందిన వినోదినీ రెడ్డి, సహరచయితతో కలిసి భారతీయులలో లాక్టేజ్ లోపం గురించి 1972లో ఒక పరిశోధనపత్రం ప్రచురించారు. 1981లో వెలువడిన మరో అధ్యయనం ఢిల్లీవాసులలో 27 శాతం మందికి, తిరువనంతపురం, పుదుచ్చేరి కేంద్రాలలో పరీక్షించినవారిలో 67 శాతం మందికి లాక్టోజ్ పడలేదని తేల్చింది. 2002లో ఫిన్లాండ్ పరిశోధకులు పెద్దయ్యాక కూడా లాక్టేజ్‌ను నిలిపి ఉంచే జన్యుభేదాన్ని గుర్తించారు. తర్వాతి దశాబ్దంలో అదే జన్యుభేదం భారతదేశంలోనూ ఉందనీ, వాయవ్యం నుండి దక్షిణానికీ తూర్పుకూ వచ్చేకొద్దీ అరుదవుతుందనీ తేలింది.

దక్షిణాదివారి వంటింట్లో పాల కంటే పెరుగు, మజ్జిగలకే పెద్దపీట కావడాన్ని ఈ వెలుగులో చూడవచ్చు. తోడు పెట్టినప్పుడు సూక్ష్మజీవులు లాక్టోజ్‌లో కొంత భాగాన్ని తినేస్తాయి, మిగిలినదాన్ని అరిగించడానికీ పేగులో తోడ్పడతాయి. జన్యువుల సంగతి తెలియని తరాలు ఏది ఒంటికి ఇముడుతుందో చూసుకుని నిలుపుకున్న అలవాటు కావచ్చు ఇది. లాక్టోజ్ విషయంలో మోతాదే ముఖ్యం. కాఫీలో చెంచాడు పాలు అరిగించుకున్న మనిషికే పెద్ద గ్లాసుడు చల్లటి పాలు పడకపోవచ్చు. సీలియాక్ వ్యాధిలో ఆ వెసులుబాటు లేదు, కొద్దిపాటి గోధుమ కూడా పేగును దెబ్బతీస్తుంది. ఇంట్లో రెండింటినీ ఒకే క్రియతో చెప్పుకుంటాం. నియమాలు మాత్రం వేర్వేరు.

సాక్షి పొరబడే సందర్భాలు

ఇంతవరకు చెప్పిన చరిత్ర నుండి, శరీరం చెప్పినదల్లా నమ్మాలని తీర్మానించడం తొందరపాటు. అలాంటి తొందరపాటుకూ ఒక చరిత్ర ఉంది. 1920ల నుండి కాలిఫోర్నియా వైద్యుడు ఆల్బర్ట్ రో అనుమానిత పదార్థాలను వరుసగా మాన్పించే ఆహారపద్ధతులను ప్రచారం చేశాడు. పద్ధతిలో సారం ఉంది. కానీ తలనొప్పి నుండి మందకొడితనం దాకా ప్రతి బాధకూ తిండినే నిందించే ధోరణి దాని వెంటే పెరిగింది. అమెరికాలో ఇమ్యునాలజీ పత్రికను స్థాపించిన ఆర్థర్ కోకా అంతటివాడే, పడని తిండి తింటే నాడి వేగం పెరుగుతుందని, దాన్ని లెక్కపెట్టి అలర్జీ కనిపెట్టవచ్చని ప్రచారం చేశాడు. ఆ పరీక్ష నిలబడలేదు.

1976లో డెన్వర్‌లో చార్ల్స్ మే ఉబ్బస పిల్లలపై ఒక పరీక్ష చేశాడు. అనుమానిత ఆహారాన్ని రుచి తెలియకుండా గుళికలలో పెట్టి, ఏ గుళికలో ఏముందో పిల్లలకూ పరిశీలకులకూ తెలియకుండా ఇచ్చాడు. తిండి పడదని నమ్మిన చాలామంది పిల్లలలో ఏ స్పందనా రాలేదు. కొందరిలో స్పష్టంగా వచ్చింది. ఆహార అలర్జీ నిర్ధారణలో ఈ పద్ధతి నేటికీ ప్రమాణం.

ఇటీవలి ఉదాహరణ ఇంకా సూక్ష్మమైనది. సీలియాక్ వ్యాధి లేకపోయినా గోధుమ తింటే కడుపుబ్బరం వస్తుందని చెప్పేవారు చాలామంది. 2018లో నార్వే పరిశోధకులు అలాంటి 59 మందికి గ్లూటెన్, ఫ్రక్టాన్, రెండూ లేనిది, ఇలా మూడు రకాల చిరుతిండిని వేర్వేరు వారాల్లో తెలియనీయకుండా ఇచ్చారు. బాధ ఎక్కువైనది ఫ్రక్టాన్ తిన్నప్పుడు. గోధుమలో ఉండే ఒక రకం పిండిపదార్థం అది, ఉల్లిలోనూ వెల్లుల్లిలోనూ దండిగా ఉంటుంది. వారి బాధ నిజం, గోధుమ తింటే వస్తుందన్న గమనికా నిజం. గ్లూటెన్‌పై వేసిన నింద మాత్రం చాలామంది విషయంలో నిలబడలేదు. అలాంటివారు రొట్టె మానేసి ఉల్లి, వెల్లుల్లి దండిగా వేసిన కూర తింటూ ఉంటే బాధ తగ్గకపోవడంలో వింత లేదు.

మానేయడం వల్ల హాని కలిగిన సందర్భం వేరుశనగది. అలర్జీ ముప్పున్న పిల్లలకు మూడేళ్ళు వచ్చేదాకా వేరుశనగ పెట్టవద్దని 2000లో అమెరికన్ పిల్లల వైద్యుల అకాడమీ సూచించి, తగిన ఆధారం లేదని 2008లో ఆ సలహాను విడిచిపెట్టింది. 2015లో లండన్‌లో గిడియన్ లాక్ బృందం ముప్పున్న 640 మంది పసిపిల్లలపై చేసిన అధ్యయనం వెలువడింది. మొదట చర్మపరీక్షలో ఏ స్పందనా చూపని పిల్లలను అయిదేళ్ళ వయసులో పరిశీలిస్తే, వేరుశనగ మానిపించినవారిలో 13.7 శాతానికి, తొలి ఏడాది నుండే క్రమంగా తినిపించినవారిలో 1.9 శాతానికి అలర్జీ కనిపించింది. జాగ్రత్త అనుకున్నదే ముప్పును పెంచింది.

వలస వెళ్ళిన కడుపు

ఈ చరిత్ర విదేశాల్లోని తెలుగువారికి మరింత దగ్గరిదనడానికి ఒక అధ్యయనం ఆధారం. 2016లో ప్రచురితమైన ఆ పరిశోధన భారతదేశంలోని మూడు ప్రాంతాలలో సీలియాక్ వ్యాధిని పోల్చింది. వ్యాధిని సూచించే ప్రతిరక్షకాలు ఉత్తరాదిలో 1.23 శాతం మందిలో, దక్షిణాదిలో 0.10 శాతం మందిలో కనిపించాయి. వ్యాధికి అవసరమైన జన్యువులు మాత్రం ఉత్తరాదిలో 38, దక్షిణాదిలో 36 శాతం మందిలో ఉన్నాయి. అంటే ఇంచుమించు సమానం. తేడా కంచంలో ఉంది: రోజుకు సగటు గోధుమ వాడకం ఉత్తరాదిలో 455 గ్రాములు, దక్షిణాదిలో 25. ఆ జన్యువులున్నవారిలో అత్యధికులకు జీవితమంతా జబ్బు రాదు. గోధుమ వాడకం ఒక్కటే మొత్తం తేడాను వివరిస్తుందనీ అనలేం. అయినా అన్నం తినే ప్రాంతంలో అరుదైనంత మాత్రాన ఈ జబ్బు మనవాళ్ళకు రాదనుకోవడానికి వీల్లేదు. ఉదయం సీరియల్, మధ్యాహ్నం శాండ్‌విచ్, రాత్రి పాస్తా లేదా చపాతీగా కంచం మారినప్పుడు, తాతముత్తాతల కడుపుకు ఎదురుకాని పరీక్ష మన కడుపుకు ఎదురవుతుంది. పాల విషయంలోనూ అంతే. మజ్జిగకు అలవాటుపడిన ఒంటికి గ్లాసుల కొద్దీ పాలు, ఐస్‌క్రీమ్ కొత్త.

ఇక్కడ మాట కూడా అడ్డొస్తుంది. "పడదు", "వేడి చేసింది", "పైత్యం చేసింది" అన్నవి పరాయిదేశపు వైద్యుడికి అర్థం కావు. అందువల్ల మనలో చాలామంది అన్నింటికీ కలిపి "అలర్జీ" అనేస్తారు. లాక్టోజ్ పడని మనిషి వైద్యపత్రాలలో పాల అలర్జీ ఉన్నట్టుగా నమోదవుతాడు. లేదా ఏళ్ళ తరబడి రక్తహీనతతో, విరేచనాలతో, ఎముకల నొప్పులతో బాధపడుతున్నా అది "గ్యాస్" అనుకుని ఊరుకుంటాడు. నిజానికి వైద్యుడికి కావలసింది జబ్బు పేరు కాదు, గమనిక. ఏం తిన్నారు, ఎంత తిన్నారు, ఎంతసేపటికి ఏం జరిగింది, తిన్న ప్రతిసారీ జరిగిందా, మానేస్తే తగ్గిందా? డికె ఎదుట ఆ డచ్ తల్లి ఉంచినది ఇలాంటి గమనికే.

ఈ చరిత్ర నుండి నేరుగా వచ్చే జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. సీలియాక్ అనుమానం ఉన్నవారు పరీక్షకు ముందే గోధుమ మానేయకూడదు. మానేస్తే రక్తంలో ప్రతిరక్షకాలు తగ్గుతాయి, పేగు మానుతుంది, జబ్బున్నా పరీక్ష లేదనే అవకాశం ఉంది. వ్యాధి నిర్ధారణ అయినవారు చపాతీ మానితే సరిపోదు. ఉప్మా రవ్వ, సేమియా గోధుమవే, బజారులో దొరికే చాలా రకాల ఇంగువ పొడులలో గోధుమపిండి కలుస్తుంది. మాని మళ్ళీ తిని చూసే పద్ధతిని కడుపుబ్బరం వంటి బాధలకు ఇంట్లోనే వాడుకోవచ్చు. గొంతు వాపు, ఆయాసం, ఒళ్ళంతా దద్దుర్లు, స్పృహ తప్పడం వంటివి ఒక్కసారి వచ్చినా ఆ పదార్థాన్ని ఇంట్లో మళ్ళీ రుచి చూడకూడదు. రిషే కుక్కలు చనిపోయింది రెండోసారికే. అలాంటి పరీక్ష వైద్యుడి సమక్షంలో మాత్రమే జరగాలి. ఇక ఒక్క రక్తపు చుక్కతో వందల పదార్థాల "సెన్సిటివిటీ" తేల్చుతామనే ఐజీజీ పరీక్షల విషయం. ఆ ప్రతిరక్షకాలు ఆ తిండి మనం తింటున్నామనడానికే గుర్తనీ, పడకపోవడాన్ని నిర్ధారించడానికి అవి పనికిరావనీ యూరోపియన్ అలర్జీ అకాడమీ నిపుణుల బృందం 2008లోనే స్పష్టం చేసింది. అలాంటి పట్టిక చూసి పిల్లల కంచంలోంచి పప్పూ పెరుగూ గుడ్డూ ఒకేసారి తీసేస్తే మిగిలేది పోషకాల లోటు.

శరీరం ఇచ్చే సాక్ష్యంలో రెండు భాగాలుంటాయి: బాధ, ఆ బాధకు మనం ఊహించిన కారణం. మొదటిది అనుభవించిన మనిషికే తెలుస్తుంది. దాన్ని కాదనే అధికారం వైద్యుడికీ ఇంట్లోవాళ్ళకూ లేదు. రెండోది మాత్రం ఊహ, దాన్ని పరీక్షించాలి. జీ, హాస్‌లు పిల్లల బాధను చూసి కారణాన్ని పొరబడ్డారు. డికె ఒక తల్లి మాటను నమ్మాడు, పద్నాలుగేళ్ళపాటు దాన్ని పరీక్షిస్తూ వచ్చాడు. సీలియాక్ ఉన్న పిల్లలు ఇవాళ అందరిలాగే ఎదిగి పెద్దవాళ్ళవుతున్నారంటే, అతను చేసిన ఈ రెండు పనులూ అందుకు కారణం.